రెండు మూతల పెట్టె

డబ్బా మామ నోరు విప్పాడంటే అట్టపెట్టెల షెడ్డులో ముందుగా జిగురు గిన్నె మీద మూత పడేది. వినేవాళ్ళ చేతులు ఆగిపోతాయి, చేతులాగితే జిగురు గడ్డకడుతుంది, గడ్డకట్టిన జిగురుకి ఓనరు తిట్లు మళ్ళీ వేరే. పద్దెనిమిదేళ్ళుగా చెప్పుల పెట్టెలూ, మందుల పెట్టెలూ, గడియారాల పెట్టెలూ మడిచిన మనిషి. చేతిలో ఎప్పుడూ పెట్టె, నోట్లో ఎప్పుడూ గొప్ప. ఆ రెంటికీ కలిపి ఒకటే పేరు పెట్టి పుణ్యం కట్టుకున్నారు షెడ్డువాళ్ళు.

ఆ సోమవారం సాయంత్రం కూడా ఏనుగు కథే నడుస్తోంది.

"సర్కస్ ఆయన వచ్చాడు. చేతులు పట్టుకున్నాడు. అయ్యా, ఏనుగుని ఓడ ఎక్కించాలి, దానికి సముద్రం చూస్తే కళ్ళు తిరుగుతాయి, చుట్టూ కనపడకుండా పెట్టె కట్టిపెట్టు అన్నాడు. నాలుగు లారీల అట్ట దింపించాను. మడత గీతలు గియ్యడానికి స్కేలు చాలక రైలు పట్టా తెప్పించాను."

"నిరుడు అది గుర్రం కదా తమ్ముడూ?" అంది జిగురక్క, కుంచె ఆపకుండానే. ఆవిడ ఆ షెడ్డులో జిగురు రాసే మనిషి. మామ కన్నా రెండేళ్ళు పెద్దది, అందరికీ అక్క.

"గుర్రం కాదక్కా, ఏనుగే. నిరుడు నువ్వు కొత్తగా వింటున్నావు, తట్టుకోలేవని తగ్గించి చెప్పాను."

షెడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఆడపిల్లలిద్దరూ బడి సంచులతో లోపలికొచ్చారు. ఒకతి జిగురక్క కూతురు, రెండోది మామ కూతురు. ఏడో తరగతిలో ఒకే బెంచీ. బడినుంచి ఇంటికి దారి షెడ్డు మీదుగానే కనక రోజూ ఇక్కడ ఆగి, తల్లి ఒకతినీ తండ్రి ఒకతినీ తీసుకుని వెళ్ళడం అలవాటు. రోజూ ఇద్దరూ ఒకరి మాట ఒకరు తొక్కుకుంటూ వస్తారు. ఆ వేళ జిగురక్క కూతురు గెంతుకుంటూ వచ్చి తల్లి మెడకి చుట్టుకుంది. మామ కూతురు వెనక, సంచీలో ఇటుకలున్నట్టు నడిచింది.

"అమ్మా, ట్యాబుల గదికి నేను పదోదాన్ని! పదిమందిలో పదోదాన్ని!"

సంగతి ఇది. ఆ బడికి పది ట్యాబులు వచ్చాయి. వాటిల్లో చూపించే పాఠాలు ఎవరైనా ఊరికే చూసుకోగలిగే వెబ్‌సైటులోవి. వారానికి మూడు రోజులు, బడి వదిలాక ఒక గంట, లెక్కల టీచరు పదిమందిని కూర్చోబెట్టి చెబుతుంది. పదిమంది ఎవరన్నది తేల్చడానికి ఇరవై ప్రశ్నల పరీక్ష పెట్టింది. జాబితా బోర్డుకి అంటించారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే బుధవారం లోపు చెప్పాలి, శుక్రవారం పాఠాలు మొదలు.

"మరి నువ్వెన్నో దానివే?" అన్నాడు మామ కూతురితో.

"పదకొండు."

ఆ అంకె చెప్పేటప్పుడు పిల్ల తండ్రి మొహం చూడలేదు. సంచీలోంచి పరీక్ష కాగితం తీసి అట్టల గుట్ట మీద పెట్టింది. పద్దెనిమిది వచ్చినవాళ్ళ దగ్గర జాబితా తెగింది, దీనికి పదిహేడు. మామ చదువు అయిదో తరగతితో ఆగింది కనక కాగితంలో సగం అతనికి చీమల బారు. ఏడో ప్రశ్న దగ్గర మాత్రం కళ్ళు ఆగాయి. అక్కడ బొమ్మ ఉంది. నాలుగు గళ్ళు ఒక వరసలో. మొదటి గడి నెత్తిన ఒక గడి, చివరి గడి నెత్తిన ఇంకొకటి. 'మడిస్తే మూసిన పెట్టె అవుతుందా, కాదా?' దాని కింద కూతురి చేతిరాత: 'కాదు.' ఆ మాట మీద ఎర్ర సిరా అడ్డగీత.

"ఎందుకు కొట్టేశారు దీన్ని?"

"కీలో 'అవుతుంది' అని ఉందట."

"కీ ఏంటి?"

"జవాబుల కాగితం నాన్నా. ఆ వెబ్‌సైటు వాళ్ళే ఇస్తారు. టీచరు అది చూసి దిద్దుతారు."

మామ కాళ్ళ దగ్గరున్న తెగ్గోసిన ముక్క ఒకటి తీశాడు, ఇనుప స్కేలు ఆనించాడు, కత్తి మూడుసార్లు సర్రుమంది. మడత గీతల మీద నున్నటి చెక్క బద్దతో ఒత్తాడు. నాలుగు గళ్ళూ గోడల్లా లేచి చుట్టూ తిరిగాయి. నెత్తిన ఉన్న రెండు గళ్ళూ వచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మామ దాన్ని ఎత్తి, అడుగు ఉండాల్సిన చోట వేళ్ళు దూర్చి కూతురికి ఆడించి చూపించాడు.

"మూతలు రెండు, అడుగు లేదు! దీంట్లో చెప్పులు పెట్టి పంపితే కొన్నవాడు ఉత్తకాళ్ళతో ఇంటికెళ్తాడు."

"నాకు తెలుసు నాన్నా. అందుకేగా కాదని రాశాను."

"రేపు బడికొచ్చి మీ టీచరుకి చెప్తాను."

పిల్ల గబుక్కున తలెత్తింది. "వద్దు."

"ఎందుకు వద్దు?"

"వస్తే నువ్వు మాట్లాడతావు."

ఆ మాట మామకి ఎక్కలేదు. మాట్లాడ్డానికి కాకపోతే మనిషి బడికెందుకు వెళ్తాడు?

*

మంగళవారం మధ్యాహ్నం మామ బడి వరండాలో నిలబడ్డాడు. షెడ్డులో ఓనరునే ఆటపట్టించే నాలుక, బడి గోడల మధ్య అయిదో తరగతిలోకి తిరిగి వెళ్ళిపోయింది. జేబులో మడిచి పెట్టుకొచ్చిన అట్టముక్కని రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. ఉంది.

లెక్కల టీచరు నలభై ఆరు నోటుపుస్తకాల దొంతర గడ్డం కింద అదిమిపట్టి వస్తోంది. రెండు తరగతులకి ఒక్కతే. చెవి వెనక ఎర్ర కలం, వేళ్ళకి సుద్దపొడి.

"చెప్పండి."

"అమ్మా, ఆ పదకొండో అమ్మాయి నాన్నని. ఏడో ప్రశ్న..."

"అదా. కీ ప్రకారమే దిద్దానండీ. ఒక్క మన బడి కాదు, ఎన్నో బళ్ళలో ఆ పాఠాలే వాడుతున్నారు. నాలుగు గళ్ళ వరస, దానికి రెండు రెక్కలు ఉంటే మూసుకుంటుంది. క్లాసులో కూడా చెప్పాను." పుస్తకాలు జారబోతే మోకాలు అడ్డం పెట్టి ఆపుకుంది. "మీ అమ్మాయి తెలివైందే. వచ్చే ఏడు చూద్దాం."

అప్పుడు మామ చెయ్యాల్సింది ఒక్కటే. జేబులో చెయ్యి పెట్టి ముక్క తియ్యడం. చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. కానీ తరగతి కిటికీ ఊచల వెనక పది పన్నెండు మొహాలు అతనికి కనిపించాయి. మొహాలు కనపడితే మామకి ఆగదు.

"అమ్మా, కీ రాసినవాడు ఎన్ని పెట్టెలు మడిచాడో నాకు తెలీదు. నేను ఏనుక్కి పెట్టె చేసినవాణ్ణి!"

కిటికీ వెనక కిచకిచమంది. "ఎంత ఏనుగండీ?" అని ఎవడో అరిచాడు.

"ఎంతేంటి నాయనా, మీ బడి దానికి చెప్పు డబ్బా! రైలు పట్టా పెట్టి గీతలు గీశాం..."

ఇంక ఎవరు ఆపగలరు? లారీలు వచ్చాయి, ఓడ వచ్చింది, సముద్రం వచ్చింది. పిల్లలు ఊచలు పట్టుకుని పడీ పడీ నవ్వారు. టీచరుకి కూడా పెదవి చివర నవ్వొచ్చింది. పెద్దవాళ్ళు చంటిపిల్లల గీతలు చూసి నవ్వే నవ్వు అది. ఇంతలో గంట కొట్టారు.

"బాగుందండీ. క్లాసుంది, వస్తాను."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయాక మామకి జేబు గుర్తొచ్చింది. ముక్క అక్కడే ఉంది, చెమటకి కాస్త మెత్తబడి. కిటికీ వైపు చూశాడు. అన్ని మొహాలూ నవ్వుతున్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నెమ్మదిగా ఊచల దగ్గర్నుంచి వెనక్కి తప్పుకుంది.

*

"ఏనుగుని బడికి కూడా తోలుకెళ్ళారటగా!" అంది ఇంటావిడ, మామ గుమ్మం దాటీ దాటకుండానే. వీధిలో నాలుగిళ్ళ పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారు. వార్త మామ కన్నా ముందే ఇంటికొచ్చి కూర్చుంది.

కూతురు గోడవైపు తిరిగి హోంవర్కు రాస్తోంది. మామ పక్కన చతికిలబడి, గొంతు సవరించుకున్నాడు. పిల్ల రాస్తూనే ఉంది.

"అది కాదే..."

"రేపటినుంచి నేనేం చెప్పినా ఏనుగే అంటారు నాన్నా." గొంతులో ఏడుపు లేదు, అదే మామని కోసింది. "నేను కరెక్టుగా రాశాను. నువ్వొచ్చి దాన్ని కూడా కథ చేసేశావు."

భార్య వెక్కిరింత మాని లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. మామ గ్లాసు పక్కకి జరిపాడు.

"ఆ వెబ్‌సైటు నా ఫోన్లో వస్తుందా?" అన్నాడు చివరికి.

ఫోను అద్దం మీద చెట్టువేళ్ళలా బీట. పిల్ల కాసేపు బెట్టు చేసింది, తర్వాత మొహం ఇటు తిప్పకుండానే చెయ్యి చాపి ఫోను అందుకుంది. వెబ్‌సైటు తెరిచి తిరిగి ఇచ్చింది. మొదటి పేజీలో మూడు బొత్తాలు, మూడు గదుల తలుపుల్లా ఉన్నాయి. 'నేను విద్యార్థిని.' 'నేను తల్లిని, తండ్రిని.' 'నేను ఉపాధ్యాయుణ్ణి.' ఒక్క తలుపుకీ తాళం లేదు. డబ్బులడగలేదు, పేరైనా అడగలేదు.

"జవాబుల కాగితం ఏ గదిలో ఉంటుంది?"

"టీచర్ల గదిలో."

మామ వేలు ఆ బొత్తం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి భార్యతో గొంతు తగ్గించి, "ముందు ఆ వీధి తలుపు వెయ్యి," అన్నాడు.

"ఎందుకండీ?"

"టీచర్ని కాకుండా టీచర్ని అంటున్నాను. పట్టుకుంటారేమో."

"ఏనుగుని పెట్టెలో పెట్టినప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా? నొక్కండి!"

గోడవైపున్న వీపు ఒకసారి కదిలింది. పిల్ల నవ్వు ఆపుకుంటోంది. మామ ఊపిరి బిగబట్టి నొక్కాడు. ఎవరూ పట్టుకోలేదు. పెట్టెల పాఠం వచ్చింది. అక్షరాలు చిన్నవి కావడంతో పిల్ల చదవాల్సి వచ్చింది, చదవడానికి తండ్రి పక్కకి జరగాల్సి వచ్చింది.

"'ఉపాధ్యాయులకు సూచన. బొమ్మ చూపించి జవాబు అడగవద్దు. ముందు ప్రతి విద్యార్థీ అట్టను కత్తిరించి, మడిచి చూడాలి. నాలుగు గళ్ళ వరసకు అటొక రెక్క, ఇటొక రెక్క ఉన్నప్పుడు పెట్టె మూసుకుంటుంది.'" పిల్ల ఆగింది. "అటొకటి, ఇటొకటి. టీచరు రెండు రెక్కలు అనే చెప్పారు."

"రాసినవాడికి పని తెలుసే!" అన్నాడు మామ, అట్టని మెచ్చుకున్నట్టు. "మరి కీ?"

కీ కిందే ఉంది. ఏడు: అవుతుంది. ఎనిమిది: కాదు. ఎనిమిదో బొమ్మ చూస్తే, చంటివాడు కూడా మడవగలిగేంత మంచి పెట్టె. జవాబులు వేసినవాళ్ళ కన్ను ఒక వరస జారింది, ఏడుది ఎనిమిదికీ ఎనిమిదిది ఏడుకీ పడ్డాయి.

"ఎనిమిదోది నువ్వేం రాశావే?"

"దానికి టైము చాలలేదు. వదిలేశాను." పిల్ల తెరని కిందకి జరిపింది. "ఇక్కడుంది చూడు నాన్నా. 'తప్పు కనిపిస్తే మాకు చెప్పండి.' నొక్కనా?"

మామ కాసేపు ఆ బొత్తం వంక చూశాడు. నొక్కితే సరిపోయేది. కానీ పెట్టె పని చేసేవాడికి ఒక పద్ధతి ఉంటుంది. పక్కవాడు మడిచినదాంట్లో తప్పు కనిపిస్తే ముందు వాడి చేతికే తిరిగి ఇస్తారు, ఓనరు దగ్గరికి పరిగెత్తరు.

"వద్దు. మీ టీచరు వెనక చెప్పినట్టుంటుంది. ముందు ఆవిడ చేత్తో ఆవిడే మడవాలి."

"మళ్ళీ వస్తావా?" పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"వస్తాను. నోరు విప్పను."

"చూద్దాం," అంది తల్లి. "అదే జరిగితే ఆ పూట మీ షెడ్డుకి సెలవిస్తారు."

*

బుధవారం పొద్దున మామ ఒక్క మాటా లేకుండా రెండు వందల చెప్పుల పెట్టెలు మడిచాడు. పదింటికల్లా షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. జిగురక్క చేతులు కడుక్కుని వచ్చి అతని నుదురు పట్టుకుని చూసింది.

"ఒళ్ళు చల్లగానే ఉంది. ఇంట్లో గొడవా తమ్ముడూ?"

మామ తల అడ్డంగా ఊపాడు. గడియారాల పెట్టెలకి వాడే మందమైన అట్ట ఒకటి ఎంచి, కొలిచి, కోసి, గీతలు రెండు వైపులా ఒత్తి, తొందరపడని చేతులతో ఒక ముక్క తయారు చేసుకున్నాడు. మధ్యాహ్నం అది చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

టీచరు ఖాళీ తరగతిలో టిఫిను డబ్బా మూస్తోంది. అతన్ని చూసి ముందు అలిసిపోయింది, తర్వాత మర్యాద తెచ్చుకుంది. "ఇవాళ కూడా ఏనుగేనాండీ?"

మామ కాదని తల ఊపాడు. ముక్కని బల్ల మీద పరిచి, ఆవిడ వైపు తోశాడు. ఏడో బొమ్మ అని ఆవిడకి వెంటనే తెలిసింది. చెయ్యి చూపించి, మడవమన్నట్టు సైగ చేశాడు.

ఆవిడ మడిచింది. నాలుగు గోడలూ లేచాయి, మూత పడింది, దాని మీద రెండో మూత పడింది. బల్ల మీద నున్నగా, మూసిన పెట్టెలా నిలబడింది.

"చూశారా? మూసుకుంది," అంది టీచరు, కాస్త జాలిగానే.

మామకి నాలుక చివర పదహారు మాటలు వచ్చి నిలబడ్డాయి. పళ్ళు బిగించాడు. బల్ల మీద సుద్దముక్కలు నాలుగున్నాయి. మూతలు రెండూ తెరిచి వాటిని లోపల వేశాడు. ఒక మూత వేశాడు, రెండోది వేశాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి చూపించాడు: ఎత్తండి.

టీచరు ఎత్తింది. పెట్టె ఆవిడ చేతికొచ్చింది. సుద్దలు బల్ల మీదే ఉండిపోయాయి. ఒకటి దొర్లుకుంటూ అంచు దాకా వెళ్ళి, కింద పడి రెండైంది.

ఆవిడ పెట్టె తిరగేసి చూసింది. ఇంతసేపూ బల్లే దానికి అడుగు. విప్పి మళ్ళీ మడిచింది, ఈసారి గాల్లో పట్టుకుని. మళ్ళీ అదే. తర్వాత నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"మూడేళ్ళు," అంది. "మూడేళ్ళుగా, ట్యాబులు రాకముందు నుంచీ ఇదే కాగితం ఇస్తున్నానండీ. పేజీలో ముందు మడిపించమని ఉంటుంది. సిలబస్ అవదని ఆ ముక్క వదిలేసి, జవాబులు చూసుకుని దిద్దుకుంటూ పోయాను. ఎంతమందికి కొట్టేశానో."

మామ వంగి, విరిగిన సుద్దముక్కలు రెండూ ఏరి బల్ల మీద పెట్టాడు. ఆ ఓదార్పు కూడా మాటల్లో ఇవ్వలేదు.

ఆవిడ ఫోను తీసి పేజీ చూసుకుంది, ఏడుకీ ఎనిమిదికీ జవాబులు తారుమారైనట్టు తనే కనిపెట్టింది. మార్కుల పట్టీ ముందేసుకుని ఎర్ర కలంతో వరసగా దిగింది. "మీ అమ్మాయికి పద్దెనిమిది. పైవాళ్ళకి అటూ ఇటూ అయినా నిలబడతారు. ఈ పదో అమ్మాయికి మాత్రం..." కలం ఒక పేరు మీద ఆగింది. "పదహారుకి వచ్చేసింది. సరే. ఈ పేరు తీసి మీ అమ్మాయిది వేస్తాను."

ఆ పేరు జిగురక్క కూతురిది. కిటికీ ఊచల వెనక రెండు తలలున్నాయి. ఒకదాని గడ్డం రెండోదాని భుజం మీద ఉంది. పెట్టె ఎత్తినప్పుడు సుద్దలు ఉండిపోవడం చూసి ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకున్నవాళ్ళు, ఇప్పుడు నవ్వడం లేదు. సోమవారం తల్లి మెడకి చుట్టుకున్న పిల్ల చేతులు ఊచల్ని గట్టిగా పట్టుకున్నాయి.

"ఆగండమ్మా."

రెండు రోజుల్లో ఆ బడిలో మామ ఆడిన మొదటి మంచి మాట అదే.

"మీ అమ్మాయికే కదండీ ఇస్తున్నాను?"

"ఇవ్వండి. ఇంకో పిల్లది తియ్యకండి."

"ఒకరెక్కితే ఒకరు దిగాలి. ట్యాబులు పదేగా."

మామ తల గోక్కున్నాడు. కథలు చెప్పేటప్పుడు లారీల్లా దొర్లే మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే, వేళ్ళతో ఏరినట్టు వచ్చాయి. "ఆ పాఠాలు ఎవరికైనా ఊరికేనాండీ?"

"ఊరికే."

"నిన్న మా ఇంట్లో చూశాం. టీచర్ల గదిలోకి కూడా వెళ్ళాను. తప్పయితే క్షమించాలి."

ఆవిడకి నవ్వొచ్చింది. ఈసారి నిన్నటి నవ్వు కాదు. "అక్కడికి ఎవరైనా వెళ్ళొచ్చండీ."

"నేనూ అదే అడుగుతున్నానమ్మా. వాళ్ళు తలుపులు బార్లా తీసి పెట్టారు. మనం ఇక్కడ పదిమందికి సరిపడా గుమ్మం కట్టి, జాబితా అంటించాం. ఆ పేజీలో మొదటి పని మడవడం. మడవడానికి ట్యాబు ఎందుకు, అట్ట చాలదూ?"

టీచరు కలం బల్ల మీద పెట్టింది. "పెద్దసారు జాబితా అడిగారు, ఇచ్చాను. అసలు ఎందుకని అడగలేదు." లెక్కల మనిషి కనక, "నలభై ఆరుమందికి అట్ట ఎక్కడినుంచి తెస్తాం?" అంది.

"మా షెడ్డులో తెగ్గోసిన ముక్కలు ఊడ్చి పారేస్తారు. రోజుకి..." మామ చేతులు రెండూ వెడల్పుగా లేచాయి, లారీ అంత. కిటికీ వైపు చూశాడు. కూతురు చూస్తోంది. చేతులు దగ్గరికొచ్చాయి. "రెండు బస్తాలు."

"నిజంగా?"

"ఒకటిన్నర."

ఆవిడ జాబితా కాగితాన్ని బోర్డు మీదనుంచి పీకి, వెనక్కి తిప్పి, దాని మీద రోజులకీ జట్లకీ గీతలు గియ్యడం మొదలుపెట్టింది. రోజుకి కొంతమంది చొప్పున, అందరూ. ఆ తర్వాత ఫోనులో 'తప్పు కనిపిస్తే మాకు చెప్పండి' నొక్కింది. మామ ముందరే రాసింది, మూడేళ్ళుగా తను కూడా చూసుకోలేదని కూడా రాసింది. చివర్లో ఆగి తలెత్తింది.

"ఎవరు పట్టుకున్నారని రాయనండీ? మీ పేరు చెప్పండి."

పద్దెనిమిదేళ్ళుగా చెయ్యని పనులన్నీ తన ఖాతాలో వేసుకున్న మనిషి, చేసిన పని ఒకటి చేతికొచ్చేసరికి తడబడ్డాడు.

"నాది కాదమ్మా. కాదని మొదట రాసింది మా అమ్మాయి. నేను ఊరికే మడిచాను."

*

గురువారం టీ వేళ షెడ్డులో ఎవరూ టీ తాగలేదు. ఓనరు, "తీసుకుపో, నాకు ఊడ్పించే పని తప్పింది," అన్నాడు. జిగురక్క గళ్ళు గీసింది, మామ కోశాడు, మిగతావాళ్ళు మడత గీతలు ఒత్తారు. పదకొండు రకాల ముక్కలు మూసుకునేవి, మూసుకోనివి అయిదు రకాలు, కావాలని కలిపారు.

"నిన్న మా పిల్ల అంతా చూసిందటలే," అంది జిగురక్క, తలెత్తకుండా. "టీచరు పెన్ను ఆపావట."

మామ కత్తి చూసుకున్నాడు.

"నాకు చెప్పలేదేం? ఏనుగు ఈగని కన్నదని డప్పు కొట్టే మనిషివి."

"అది నిజంగా జరిగింది కదక్కా. నిజాలు చెప్పడం నాకు అలవాటు లేదు."

ఆవిడ చీర చెంగుతో ముక్కు తుడుచుకుని, "సరేలే, ఆ ఏనుగు సంగతేంటో కానీ. నువ్వు నోరు మూసుకుంటే నా చేతులాడట్లేదు," అంది.

అప్పుడు మామ చెప్పాడు. లారీలు ఆరయ్యాయి.

శుక్రవారం బడి వదిలాక ఒకటిన్నర బస్తాలతో మామ తరగతిలోకొచ్చాడు. నలభై ఆరుమంది నేలమీదే కూర్చున్నారు. మూసుకున్నవి ఒక పక్క, మూసుకోనివి ఒక పక్క గుట్ట పడుతున్నాయి. పరీక్షలో ఆరు మార్కులొచ్చిన పిల్లాడొకడు చూపుతోనే మూడు సరిగ్గా ఏరి పక్కన పెట్టాడు. టీచరు వాడి కాగితం మళ్ళీ తీసి చూసుకుంది. పది ట్యాబుల్లో పాఠం నడుస్తోంది, ఒక్కోదాని చుట్టూ నాలుగైదు తలలు.

మధ్యలో ఆవిడ చప్పట్లు కొట్టి ఫోను ఎత్తి పట్టుకుంది. "వెబ్‌సైటు వాళ్ళనుంచి జవాబొచ్చింది. వినండి. 'ఏడు, ఎనిమిది ప్రశ్నల జవాబులు సరిదిద్దాం. మడిచి చూసి తప్పు పట్టుకున్న ఏడో తరగతి విద్యార్థినికీ, ఆమె నాన్నగారికీ మా కృతజ్ఞతలు.' ఇంక ఏ బడిలోనూ ఆ ప్రశ్నకి ఎవరి జవాబూ తప్పుగా కొట్టెయ్యరు."

మామ అట్టముక్కల బస్తా వెనక్కి సగం దాక్కున్నాడు. పొగిడితే ఎటు చూడాలో అతనికి తెలీదు, ఎప్పుడూ తనే పొగుడుకున్న మనిషి కనక. తరగతంతా అతని వైపే తిరిగింది. అందులోంచి మంగళవారం నాటి గొంతే ఒకటి లేచింది.

"ఏమండీ, మరి ఆ ఏనుగు ఇప్పుడెక్కడుంది?"

నవ్వులు మొదలయ్యాయి. మామ నోరు తెరిచాడు. కూతురి వైపు చూసి, మూసుకున్నాడు.

పిల్ల లేచి నిలబడింది. చేతిలో ఏడో బొమ్మ పెట్టె ఉంది, గడియారాల అట్టతో చేసిన ఆ మందమైనది. రెండు మూతలూ నీటుగా మూసింది. దాన్ని అందరికీ కనపడేలా పైకెత్తి పట్టుకుని, తండ్రి గొంతుతోనే, తండ్రి చేతులూపుతోనే అంది:

"అప్పుడు మా నాన్నకి ఈ పాఠం తెలీదు. పైన రెండు మూతలు పెట్టి, అడుగు వెయ్యడం మర్చిపోయాడు. ఓడ కదలగానే ఏనుగు పెట్టె తగిలించుకుని, నాలుగు కాళ్ళూ కిందనుంచి ఆడించుకుంటూ నడిచి ఇంటికెళ్ళిపోయింది."

తరగతి దద్దరిల్లింది. టీచరు బల్ల పట్టుకుని నవ్వింది.

మామ మాత్రం నవ్వలేదు. బస్తా మీద కూర్చుని, కళ్ళు చిట్లించి, ఆ పెట్టె కింద లేని నాలుగు కాళ్ళనీ జాగ్రత్తగా చూసుకుంటున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్న కథకి ఇంత చక్కటి ముగింపు తనకెందుకు తట్టలేదా అని.